బాయి అనే మాట

మమత పనిచేసే గదికి ఒకటే కిటికీ. అది క్వార్టర్ వెనుక గోడకూ నీళ్ల డ్రమ్ముకూ మధ్యనున్న ఇరుకు సందులోకి తెరుచుకుంటుంది. గోదావరిఖనిలోని పాత కంపెనీ క్వార్టర్లలో ఇటువంటి గదిని బొగ్గుపొయ్యికీ, సైకిలుకూ, విరిగిన సామానుకూ వాడుకునేవారు. ఇప్పుడు అందులో ఒక బల్ల, ఒక లాప్‌టాప్, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ ఉన్నాయి. మూలనున్న తెల్లటి పెట్టె మీద ఆకుపచ్చ దీపం మినుకుతూ ఉంటుంది. వీధి స్తంభాల మీదుగా కేబుల్ వీరేందర్ లాగిన తీగ ఆ పెట్టె దగ్గర ముగుస్తుంది. తీగ లోపలి గాజు పోగు తలవెంట్రుక కంటే పెద్ద మందమేమీ కాదు. అందులో వచ్చేది వెలుగు. మమత చెవిని చేరేసరికి అది మనిషి గొంతు అవుతుంది.

ఆమె పని వినడం. హైదరాబాద్‌లోని ఒక సంస్థ, పల్లె కుటుంబాలకు ఫోన్లో సలహాలిచ్చే ఒక సహాయ సేవ కోసం, తెలుగు మాటను అర్థం చేసుకునే యంత్రాన్ని తయారుచేస్తోంది. యంత్రానికి నేర్పడానికి పాత కాల్స్ కావాలి. పేర్లు, ఊళ్లు, నంబర్లు తొలగించి, ఒక్కో కాల్‌ను చిన్న ముక్కలుగా కోసి పంపుతారు. మమత ఆ ముక్కను విని, ఉన్నది ఉన్నట్టు రాసి, కిందనున్న మూడు గడుల్లో ఒకదాన్ని నొక్కాలి. సమాచారం, ఫిర్యాదు, అత్యవసరం అని ఆ గడుల పేర్లు.

ఫోన్ లైను మనిషి గొంతులోని సన్నని స్థాయులను చాలావరకు కోసేస్తుంది. సకారమూ శకారమూ ఒకదానిలో ఒకటి కరిగిపోతాయి. గొంతు ఏదో మెత్తని గుడ్డ వెనుకనుంచి వచ్చినట్టు ఉంటుంది. మమతకు అదే నచ్చింది. కళ్లు సగం మూసుకుని వింటూ ఉంటే గొంతు చుట్టూ కొంచెం కొంచెంగా చోటు ఏర్పడేది. ఒక దగ్గు వెనుక పొగాకు గుడిసె, ఒక నవ్వు వెనుక తడిసిన వరండా, ఒక నిట్టూర్పు వెనుక కోత అయిపోయిన చేను. ఆ చోట్లలో ఆమె కాసేపు నడిచి తిరిగి వచ్చేది. మధ్యాహ్నం దగ్గరి ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడు బల్ల సన్నగా వణికేది. ఆ వణుకు కూడా వింటున్న ఊళ్లోనే పుట్టినట్టు అనిపించేది.

భర్త సదానందం భూగర్భ గనిలో పనిచేస్తాడు. మొదటి షిఫ్టు ముగించుకుని వచ్చి, ఆమె ఇంకా హెడ్‌ఫోన్ తీయకపోతే, గుమ్మంలో నిలబడి భుజం తట్టేవాడు.

"నేను భూమిలకు దిగుత, నువ్వు చెవులల్లకు దిగుతవ్. ఇంట్ల ఉండేది మా అవ్వ ఒక్కతే."

"నాకన్న దొరుకుతున్నరా మీరిద్దరు?" అని అతని తల్లి సారక్క వంటింట్లోనుంచి అనేది.

ఈ పని ఆ క్వార్టర్ల వరుసలోకి వచ్చి రెండేళ్లు దాటింది. భూగర్భ గనులు ఒక్కొక్కటిగా తగ్గుతూ, బొగ్గు తీయడం పెద్ద యంత్రాల చేతికి పోతున్న కాలంలో, ఇంట్లో రెండో ఉద్యోగం దొరకడమన్నది ఈ వీధులకు అలవాటైన సంగతి కాదు. మమత డిగ్రీలో భౌతికశాస్త్రం చదివి, పెళ్లయ్యాక జిరాక్స్ దుకాణంలో కూర్చునేది. నెట్ వచ్చిన తరువాత ఆమె ఒక పరీక్ష రాసి ఈ పనిలో చేరింది. పక్క క్వార్టర్ సహస్ర ఆమెను చూసి చేరింది. సహస్రను చూసి మరికొందరు చేరారు. వారందరికీ మమతే పని నేర్పింది. సంస్థ ఆమెను ఆ జట్టుకు పెద్దగా పెట్టింది.

పగలంతా ఆడవాళ్లు వింటూ కూర్చోవడంతో వీధిలో మరొక మార్పు వచ్చింది. సాయంత్రం కూర వండే తీరిక తగ్గింది. గని నుంచి రిటైరైన ఎల్లేశం అది గమనించి మూలమలుపు దగ్గర కర్రీ పాయింటు తెరిచాడు. ఆయనకు కూరగాయలు తెచ్చే ఆటోకు రోజూ ఒక ట్రిప్పు దొరికింది. గిన్నెలు కడగడానికి ఒక మనిషి కుదిరింది. వీరేందర్ ఇంకో రెండు వరుసలకు తీగ లాగాడు. ఏ పత్రికా రాయనంత చిన్న చలనం ఇది. అయినా సాయంత్రం ఆ మలుపు దగ్గర నిలబడితే, తాలింపు వాసనలో అది స్పష్టంగా తెలిసేది.

ఒక వానాకాలం మొదట్లో మమత చెవికి ఒక ముసలామె గొంతు వచ్చింది. ఆ ముక్క మొత్తం రెండు వాక్యాలు.

"మా పెద్దోడు పొద్దుగాల బాయిల దిగిండు. ఇంక ఎక్కలే."

మమత దాన్ని రాసి, సమాచారం అన్న గడి నొక్కి, తరువాతి ముక్కకు వెళ్లింది. ఆలోచించవలసిన సంగతే కాదది. ఈ ప్రాంతంలో బాయి అంటే బొగ్గుబాయి, గని. బాయికి పోవడం డ్యూటీకి పోవడం, దిగడం షిఫ్టు మొదలవడం, ఎక్కడం షిఫ్టు ముగియడం. సదానందం కోసం ఎవరైనా ఫోన్ చేస్తే సారక్క రోజూ చెప్పే జవాబు దాదాపు ఇదే.

వారం చివరన, సంస్థలో పని నాణ్యతను సరిచూసే వేదిక అనే ఆమె ఫోన్ చేసింది. అంతవరకు ఆమె మమతకు తెరమీది ఒక పేరు మాత్రమే.

"మమత గారూ, బాయిలో దిగాడు, ఇంకా ఎక్కలేదు అని తల్లి చెబుతుంటే మీరు సమాచారం అని ఎట్లా పెట్టారండీ?"

"అది డ్యూటీ మేడం. షిఫ్టు అయిపోలే అన్నట్టు. మా ఇంట్ల రోజు గట్లనే అంటం."

"బావిలో డ్యూటీ ఏమిటి?"

"బొగ్గుబాయి మేడం."

"మీరుండేది ఎక్కడ?" అని అడిగింది వేదిక.

"గోదావరిఖని. మీరు హైదరాబాదే గద?"

"కాదండీ. ఇంటి నుంచే చేస్తాను. మంథని."

మమతకు నవ్వు ఆగలేదు. "మంథనిల ఉండుకుంటనా నాతోని మేడం అనిపిచ్చుకుంటానరు?"

"నేను అనమన్నానా? మీరే మొదలుపెట్టారు."

"గిక్కడి మాట హైదరాబాద్ పోయి, మళ్ల గీ పక్కూరికే వచ్చిందన్నట్టు."

వేదిక కూడా నవ్వింది. తరువాత నెమ్మదిగా చెప్పింది. "బొగ్గుబాయి నాకు తెలియని మాట కాదు. కానీ వినగానే మా ఇంటి చేదబావే కనిపించింది. మా దగ్గర పూడిక తీయడానికి తప్ప అందులో ఎవరూ దిగరు. దిగినవాడు ఎక్కలేదంటే మునిగిపోయాడనే అనుకున్నాను. అందుకే అత్యవసరం అని మార్చాను. ఈ మాట ఉన్న ముక్కలు నాకు ఎదురైనప్పుడల్లా అట్లాగే మార్చాను."

"ఇప్పుడు ఏం చేద్దాం?"

"ఈ ఒక్కదాన్ని మీ వైపు కూడా అత్యవసరం అని మార్చి శుక్రవారానికి పంపేయండి. ఈ విడత ముక్కలన్నీ ఆమోదమైతే రాబోయే ఆరు నెలల పని మీ జట్టుకే వస్తుంది. నిలిచిపోతే ఇంకెక్కడికైనా పోవచ్చు. ఆ నిర్ణయం నా చేతిలో ఉండదు."

ఫోన్ పెట్టేసి మమత ఆ ముక్కను మళ్లీ విన్నది. మొదటిసారి మాట మాత్రమే విన్నది. ఇప్పుడు మాట ముగిసిన తరువాతి చోటును వింటోంది. ముసలామె ఊపిరి, దాని వెనుక గాలి, ఆ గాలిలో ఎక్కడో ఒక మగగొంతు. ధ్వని పెంచితే ఆ గొంతు కూడా పెరిగింది.

"తాడు ఇడువుండ్రి."

ఆ మాట ఒకసారి కాదు, రెండుసార్లు వినిపించింది. రెండోది మొదటిదానికంటే మందంగా, కొద్దిగా ఆలస్యంగా వచ్చింది. రాతి గోడ తిరిగి ఇచ్చిన ధ్వని అది. ఆ తల్లి మాట్లాడుతున్నది బావి అంచున నిలబడి. బొగ్గుబాయి అంచున నిలబడి ఏ తల్లీ ఫోన్ చేయదు.

సారక్క చాయ్ తెచ్చి, కోడలి ముఖం చూసి, ఏమైందని అడిగింది. మమత చెప్పలేక హెడ్‌ఫోన్ తీసి ఆమె చెవులకు పెట్టింది. సారక్క కమాన్‌పూర్ దగ్గరి పల్లెలో పుట్టింది. ఆ పల్లె పొలాలు చాలావరకు ఓపెన్‌కాస్టులో కలిసిపోయాయి. ఆమె చిన్నప్పుడు దిగి ఈతకొట్టిన బావి ఉన్న చోట ఇప్పుడు లోతైన మెట్ల గొయ్యి ఉంది. ఆమె విన్నది. విని గట్టిగా జవాబిచ్చింది.

"ఎవలవ్వా? ఏ ఊరు నీది?"

"అత్తమ్మా, ఆమెకు ఇనపడది. అది పాతది."

"పాతదైతే ఏమాయె? కొడుకు బాయిల ఉన్నడంటాంది గద. ఎక్కిండా?"

"తెల్వది. గంతవరకే ఉన్నది."

"గంతవరకే అని ఎవలు కోసిండ్రు?"

ఆ కాల్‌లో అవతలివైపు ఒక మనిషి ఉండి ఉంటాడనీ, తగిన సాయం పంపి ఉంటాడనీ మమత తనకు తాను చెప్పుకుంది. కానీ రేపు ఆ మనిషి స్థానంలో యంత్రం ఉంటుంది. యంత్రం మమత నేర్పిందే నేర్చుకుంటుంది. పని నేర్పిన మొదటి రోజున అందరితో తానన్న మాట ఆమెకు గుర్తుంది: బాయి అంటే డ్యూటీ, దాని దగ్గర ఆగకుండ్రి. వరుసలోని ప్రతి ఒక్కరూ ఆ మాట ప్రకారమే గడి నొక్కారు.

ఆ సాయంత్రం కర్రీ పాయింటు ముందు ఆమె సంగతంతా చెప్పింది. విన్న వెంటనే సహస్ర మొహం చిట్లించింది.

"మేడం ఒక్కటి మార్చుమన్నది. ఒక్కటి మార్చితే అయిపాయె గద అక్కా."

"మిగిలినయి?"

"మిగిలినయి ఎవలు సూస్తరు?"

"యంత్రం సూస్తది, సహస్రా."

"యంత్రానికి నువ్వేమన్న పంతులమ్మవా?"

"మరి నెలనెల జీతం ఏం పని చేసి తీసుకుంటానం?"

సహస్రకు ఈ పని పోతే పెళ్లి మాటలు ముందుకు జరుగుతాయని మమతకు తెలుసు. గరిటె పట్టుకుని వింటున్న ఎల్లేశం మధ్యలోకి వచ్చాడు.

"మీ చెవులు బందైతే నా పొయ్యి బందైతది. గది సుత యాది పెట్టుకొని మాట్లాడుండ్రి."

"గట్ల బెదిరిస్తె ఎట్ల కాకా?" అంది మమత.

"బెదిరిచ్చుడేంది? ఉన్న ముచ్చట చెప్తాన. నాకు పప్పు మిగిలితే నేనే తినాలె."

ఇంటికి వచ్చాక సదానందాన్ని అడిగింది. అతను అన్నం కలుపుతూ విన్నాడు. సలహా ఇవ్వడం అతనికి అలవాటు లేదు. తన పని సంగతి చెప్పాడు. గనిలో పైకప్పును కర్రతో తట్టి వింటారు. గట్టి రాయి ఖణేల్మంటుంది. పైపొర విడిపోయి ఉంటే మద్దెల మీద కొట్టినట్టు బొద్దుగా మోగుతుంది.

"బొద్దుగ మోగితే?" అని అడిగింది మమత, ఆ సంగతి ఇదివరకే తెలిసినా.

"ఎనుకకు వస్తం. కప్పుకు ఆసరగ దిమ్మె పెట్టేదాక ఆడ పని బంద్."

"బొగ్గు తక్కువైందని పైవాళ్లు అనరా?"

"అంటరు. అనిపిచ్చుకుంటం."

అతను పెరుగు వేసుకున్నాడు.

శుక్రవారం మమత విడతను పంపలేదు. బాయి అన్న మాట ఉన్న ముక్కల్లో తన జట్టు గుర్తులను నమ్మవద్దనీ, ఆ పొరపాటు తన బోధనలోనే ఉన్నదనీ వేదికకు రాసింది. సాయంత్రానికి వేదిక ఫోన్ చేసింది. గొంతులో అలసట ఉంది.

"మీ ఉత్తరం పైకి పంపాను. కింద నాది కూడా చేర్చాను. మీ వైపు గని మాటలను నేను అత్యవసరం అని మార్చిన ముక్కలూ నమ్మదగ్గవి కావని."

"మీరెందుకు రాసిండ్రు? మీది ఎవలూ అడగలేదు గద."

"మీరు రాశాక నేను ఊరుకోగలనా మమతక్కా?"

విడత నిలిచిపోయింది. దానితో వరుసలో పని ఆగిపోయింది.

తరువాతి రోజులు నీళ్లలో నడిచినట్టు గడిచాయి. తెల్లటి పెట్టె మీద ఆకుపచ్చ దీపం యథాప్రకారం వెలుగుతోంది. వెలుగు వస్తోంది, గొంతులు రావడం లేదు. మమత అలవాటుగా వెనుక గదిలో కూర్చునేది. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే తన రక్తం నడిచే శబ్దమే దూరపు వాగులా వినిపించేది. వాన పడి వెలిసినప్పుడు సందులోకి బూడిదరంగు వెలుగు దిగేది. డ్రమ్ము మీద చుక్కలు పడుతూ ఉండేవి. ఆమె వాటికి కూడా గడులు వెతికేది. వీధిలో ఆడవాళ్లు తిరిగి గుమ్మాల్లో కూర్చోవడం మొదలైంది. ఎల్లేశం ఒక పొయ్యి ఆర్పేశాడు. కూరగాయల ఆటో రెండు రోజులకొకసారి వచ్చింది. సహస్ర పలకరించడం మానలేదు, కానీ పలకరింపులో ముల్లు ఉండేది.

"ఏమక్కా, ఇయ్యాల ఏమన్న ఇనపడ్డదా?"

"నీ ఎత్తిపొడుపు ఒక్కటే."

"గది ఫ్రీ. దానికి నెట్ అక్కర లేదు."

ఒక మధ్యాహ్నం మంథని బస్సు దిగి వేదిక వచ్చింది. సన్నగా, కళ్లద్దాలతో, భుజాన లాప్‌టాప్ సంచితో ఉన్న ఆమెను గుమ్మంలో చూసి మమత ముందు పోల్చుకోలేదు. నోరు విప్పిన తరువాతే పోల్చుకుంది. సారక్క ఆమెకు మంచినీళ్లిచ్చి, మంథనిలో ఎవరి ఇల్లని అడిగి, వామనరావు పంతులుగారి మనుమరాలని తెలుసుకుని, కుర్చీ తుడిచి వేసింది. వేదిక ఆ కుర్చీని సారక్క వైపు జరిపి, తాను బల్ల అంచున కూర్చుంది. పై అధికారులు ఒక అవకాశం ఇచ్చారని చెప్పింది. బాయి ఉన్న ముక్కలన్నీ మళ్లీ విని, మాటను బట్టి మాత్రమే తేల్చగలిగే సూత్రం ఒకటి చెప్పాలి. చెప్పగలిగితే పని కొనసాగుతుంది.

ముగ్గురూ వెనుక గదిలో కూర్చున్నారు. హెడ్‌ఫోన్ తీసేసి చిన్న స్పీకరు పెట్టారు. గొంతులు ఒకటొకటిగా గదిలోకి వచ్చాయి. ఒకాయన బాయిల మోటరు కాలింది. ఒకామె భర్త బాయి నుంచి ఇంకా రాలేదు, వచ్చాక మాట్లాడతాడు. ఒక కుర్రవాని తమ్ముడు బాయిలకు తొంగిచూస్తున్నాడు. బ్లాస్టింగ్ జరిగింది. బల్ల వణికింది. వేదిక ఉలిక్కిపడి బల్ల అంచు పట్టుకుంది. సారక్క ఆమె చేయి తట్టి, రోజూ ఉండేదే అంది. వింటున్న కొద్దీ గదిలో మూడు బావులు తెరుచుకున్నాయి. గిలక కిర్రుమనే పెరటి బావి, మెట్ల మీద పాచి పట్టిన పొలం బావి, దీపాలు దిగిపోయే బొగ్గుబాయి. ఒక్కొక్క గొంతు వాటిలో ఏదో ఒకదాని మీద వంగి మాట్లాడుతోంది. ఏదో తెలియాలంటే వెనుకనున్న గాలిని వినాలి. మాటలో మాత్రం తేడా లేదు. ఒకే మాట, ఒకే క్రియ, ఒకే నిదానం.

"సూత్రం లేదు," అంది వేదిక చివరకు. "నేను మంథనిలో కూర్చుని వెతికాను. ఇక్కడా లేదు."

సారక్కకు విసుగొచ్చింది. "సూత్రమేందమ్మా? అడుగరా? ఏ బాయి అని అడుగరా?"

మమత, వేదిక ఒకరినొకరు చూసుకున్నారు. గోదావరిఖనిలో కొత్త మనిషి కనిపిస్తే అడిగే మొదటి ప్రశ్న అదే. ఏ బాయి? ఏ నంబరు? ఇక్కడ ఎవరూ దాన్ని ప్రశ్నగా కూడా లెక్కించరు, పలకరింపులో భాగం. అందుకే అది మమతకు తట్టలేదు. ఆమె చేతిలో మూడు గడులు పెట్టారు, మూడింటిలోనూ జవాబులే ఉన్నాయి. అడగడానికి గడి లేదు.

వేదిక అక్కడే కూర్చుని నివేదిక రాసింది. మాటను బట్టి తేల్చడం సాధ్యం కాదు; నాలుగో గడి కావాలి; అది నొక్కినచోట యంత్రం ఏమీ నిర్ణయించకుండా ఒక్క ప్రశ్న అడగాలి; జవాబు రాకపోతే వెంటనే మనిషికి అప్పగించాలి. సూత్రం అడిగినవారికి సూత్రం లేదని రాయడం వల్ల పని పోవచ్చునని ఇద్దరికీ తెలుసు. మమత రెండుసార్లు చదివి, పంపమంది.

జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది. వచ్చింది కూడా సగమే. నాలుగో గడిని ఒప్పుకున్నారు. పనిని మాత్రం ఈ వరుసకు ఇదివరకటికంటే తగ్గించారు. మిగతాది మరో జిల్లాలోని జట్టుకు పోయింది. ఉన్న పనిని అందరూ వంతులవారీగా పంచుకున్నారు, ఒకరు ఉదయం, ఒకరు మధ్యాహ్నం. సహస్ర అప్పటికే బసంత్‌నగర్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ పనికి కుదిరింది. పోయే ముందురోజు తన హెడ్‌ఫోన్ తెచ్చి మమత బల్ల మీద పెట్టింది.

"నీ మీద కోపం పోలే అక్కా."

"ఉండనియ్యి. హెడ్‌ఫోన్ ఎందుకు?"

"నీది ఎడమ దిక్కు గరగరమంటది. గందుకే తప్పు ఇన్నవ్."

ఎల్లేశం రెండో పొయ్యి మళ్లీ వెలిగించాడు, వారానికి మూడు రోజులు.

చలికాలం మొదట్లో కొత్త ముక్కలు వచ్చాయి. యంత్రాన్ని కొద్ది చోట్ల పరీక్షించినప్పటి కాల్స్ అవి. ఆ మధ్యాహ్నం మమత వంతు. కిటికీ సందులో ఎండ పలచగా ఉంది. ఆమె కళ్లు సగం మూసుకుంది. ముందుగా ఒక స్త్రీ గొంతు, మా ఆయన బాయిల ఉన్నడు అంటోంది. తరువాత తొందర లేని, ఏ ఊరిదీ కాని ఒక గొంతు అడిగింది: "ఏ బాయి, అమ్మా?"

"ఏ బాయేంది? పదకొండు నంబరు. రెండో షిఫ్టు. ఆయన ముచ్చట కాదు నాది, మిరపతోట ఆకు ముడుచుకుంటాంది, మా తమ్మునిది, మందేం కొట్టాలె చెప్పు."

మమత సమాచారం అన్న గడి నొక్కింది. తరువాతి ముక్క తెరుచుకుంది. అందులో ఇంకా మాట మొదలు కాలేదు. ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు, వారి వెనుక వెడల్పాటి గాలి ఉంది. ఆమె ధ్వని కొద్దిగా పెంచింది.